హచిన్‌సన్‌లో ఒడిస్సీ

విచిటా నుంచి కారులో గంట ప్రయాణం. దారి పొడుగునా పొలాలే. "బావా, రాకెట్లు చూడాలంటే ఫ్లోరిడా వెళ్లాలి గానీ ఇదేం ఊరు?" అని మా బావమరిది గొణుగుతూనే ఉన్నాడు. అతన్నీ అనడానికి లేదు. కాన్సాస్‌లో హచిన్‌సన్ చిన్న ఊరే. కానీ చంద్రుడి దారిలో పేలుడు జరిగినా అపోలో 13 వ్యోమగాములు ప్రాణాలతో దిగిన వ్యోమనౌక ఒడిస్సీ ఉన్నది ఇక్కడి కాస్మోస్ఫియర్ మ్యూజియంలోనే. చాలాకాలం పారిస్ దగ్గరి మ్యూజియంలో ఉన్నదాన్ని వెనక్కి తెప్పించి, ఊడదీసిన భాగాలు వెతికి మళ్లీ బిగించింది వీళ్లే. 1995లో ఇదే కథతో రాన్ హోవార్డ్ తీసిన 'అపోలో 13' సినిమాకి నౌక నకళ్లూ వీళ్లే చేసిచ్చారు.

ఎదురుగా నిలబడితే ముందు తట్టేది ఇరుకు. అడుగు భాగం వెడల్పు నాలుగు మీటర్లు కూడా లేదు. పైపొర కాలి, మసిబారి, పెచ్చులూడి ఉంది. సినిమా ఎన్నిసార్లు చూసినా ఈ కాలిన చర్మం గుర్తుండదు.

నన్ను వణికించింది మాత్రం పేలుడు కాదు, దాని వెనక కథ. ప్రయోగానికి ముందు ఆక్సిజన్ ట్యాంకు ఖాళీ చేయడానికి గంటల తరబడి హీటర్లు వేశారు. 28 వోల్టులకు చేసిన స్విచ్‌లకు 65 వోల్టులు తగిలి అతుక్కుపోయాయి. లోపల వైర్ల తొడుగు మాడిపోయింది, ఎవరికీ తెలియలేదు. ఆ ట్యాంకే 1970 ఏప్రిల్ 13 రాత్రి, భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో పేలింది.

ఒడిస్సీలో కరెంటు పోయేసరికి, చంద్రుడి మీద దిగడానికి ఇద్దరికి రెండు రోజుల కోసం చేసిన అక్వేరియస్ నౌకలో ముగ్గురు నాలుగు రోజులు నెట్టుకొచ్చారు. కార్బన్ డయాక్సైడ్ పీల్చే డబ్బాలు ఒడిస్సీవి చదరం, అక్వేరియస్‌వి గుండ్రం. ప్లాస్టిక్ సంచి, అట్టముక్క, గొట్టం, టేపుతో అతికించారు. "టేపుతోనా!" అన్నాడు బావమరిది. అంతే, అక్కణ్నుంచి కదల్లేదు.

సినిమాలో ఆ ముగ్గురిలో ఇద్దరు, స్వైగర్ట్, హేజ్ అరుచుకునే సీను కల్పితం. టెన్షన్ కోసం పెట్టారు గానీ, నాకది అనవసరం అనిపిస్తుంది. క్యాబిన్‌లో 3 డిగ్రీల చలి, రోజంతటికీ మనిషికి గ్లాసుడు కూడా రాని నీళ్లు, హేజ్‌కి జ్వరం. ఇంతకన్నా సస్పెన్స్ ఏం కావాలి?

ఈ ఊళ్లోనే 650 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. హాలీవుడ్ సినిమా రీళ్లు అందులో దాస్తారు. మర్నాడు దానికి వెళ్దామన్నది బావమరిదే. టికెట్లు కూడా అతనే తీశాడు.