జింకు సంగతి తేల్చుకోవడానికి పడిన పాట్లు

ప్రకాశం జిల్లా నల్లరేగడిలో ఏళ్ల తరబడి పొగాకు పండించిన మా చేలో ఈసారి బోరు కింద మొక్కజొన్న వేస్తే, లేత ఆకులు మొదళ్ల వైపు తెల్లటి పట్టీలుగా మారాయి. ఎరువుల కొట్టులో యూరియా చాలలేదన్నారు. నత్రజని తగ్గితే ముదురాకు ముందు పసుపెక్కుతుంది. లేతాకు తెల్లబడితే అనుమానించవలసింది జింకు లోపాన్ని.

తేల్చుకోవాలంటే మట్టి పరీక్ష చేయించాలి. దానికి మట్టి తీయడం సులువే. గట్లు, చెట్ల నీడ, పెంటపోగుల చోటు వదిలి, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలోకు తగ్గించాలి. జింకు లాంటి సూక్ష్మపోషకాల పరీక్షకైతే జింకు పూత రేకు బకెట్టు, తుప్పు పార, ఎరువుల గోతాం వాడకూడదు.

అసలు అవమానం వ్యవసాయ కార్యాలయంలో ఎదురైంది. అక్కడి అధికారి నా సంచి విప్పి చూడకుండానే, "మీ సర్వే నంబరుకు భూసార కార్డు ఇచ్చేశాం, మళ్లీ పరీక్ష ఎందుకు?" అన్నారు. ఆ కార్డులోని అంకెలూ పక్క రైతు కార్డులోని అంకెలూ దశాంశంతో సహా ఒకటేనని రెండూ ముందు పెట్టి చూపించాను. 2015లో మొదలైన ఆ కార్డుల పథకంలో నీటి వసతి ఉన్న భూమిలో 2.5 హెక్టార్లకు, వర్షాధారమైతే 10 హెక్టార్లకు ఒక గడి చొప్పున, గడికి ఒక నమూనా తీస్తారు. మా గడికి వచ్చినది పొగాకు ఎరుగని శనగ చేని మట్టి. దానికి జవాబు చెప్పకుండా, పదిమంది రైతుల ఎదుట, "పొగాకు వేసి భూమిని పీల్చి పిప్పి చేసింది మీరే, జింకు ఎక్కడికి పోయిందని మమ్మల్ని అడుగుతారా?" అని గద్దించారు.

ఆ మాటలో సగమే నిజముంది. పొగాకు పొటాషును విపరీతంగా తీసుకుంటుంది, మోళ్లు పీకి తగలబెడితే అందులోని పోషకాలు చేలోకి సరిగా తిరిగి చేరవు. కానీ సున్నం ఎక్కువగా ఉన్న క్షార నేలలో జింకు ఉన్నా కరగదు. పైగా ఏటా డీఏపీ వేయగా పేరుకున్న భాస్వరం, పైరు జింకు తీసుకోవడానికి అడ్డుపడుతుంది. ఆకు కాలే గుణం చెడుతుందని క్లోరైడు ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దని మాకు చెప్పనివారు లేరు, ఎందుకంటే అది కొనేవారికి కావలసిన జాగ్రత్త. నేలలో జింకు ఎంతుందని పొగాకు వేలం కేంద్రంలో ఎవరూ అడగరు.

చివరకు వేరే ప్రయోగశాలలో డబ్బు కట్టి పరీక్ష చేయించాను. జింకు 0.4 పీపీఎం (పది లక్షల వంతుల మట్టిలో 0.4 వంతు) వచ్చింది, కనీసం 0.6 ఉండాలి. భాస్వరం మాత్రం ఎక్కువ స్థాయిలో ఉంది. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే, కొత్తాకు పచ్చగా వచ్చింది.

పొగాకు చేలున్న రైతులు కార్డులో నమూనా ఎవరి చేనిదో ముందు అడగాలి. జింకు లోపం తేలితే, కొట్టువారు అంటగట్టే రంగు మందు సీసాలు కొనకుండా, ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటు దుక్కిలో వేసుకోవాలి. దాన్ని డీఏపీతో కలపకుండా, కొన్ని రోజుల తేడాతో విడిగా చల్లాలి.