కోర్సు చెప్పేది ఒకరు, సర్టిఫికెట్ ఇచ్చేది ఇంకొకరు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మన తెలుగు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, ఏదో ఒక సర్టిఫికేషన్ చేద్దామనుకుంటున్నా, ఏ శిక్షణ కంపెనీలో చేరమంటావ్?" అప్రైజల్ లెటర్లు వచ్చిన వారం, లేదంటే ఎక్కడో మనుషుల్ని తీసేశారని వార్త వచ్చిన రోజు ఈ ఫోన్లు ఇంకా ఎక్కువ. నేను కంపెనీ పేరు చెప్పను. ఆ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిదో కనుక్కున్నావా అని ముందు అడుగుతాను.

ఈ సంగతి తెలియకుండానే చాలామంది లక్షల్లో కట్టేస్తున్నారు, నా బాధ అదే. ప్రాజెక్టులు నడిపేవాళ్లు తెచ్చుకునే పీఎంపీ సర్టిఫికెట్ తీసుకోండి. అది ఇచ్చేది అమెరికాలో 1969లో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ. శిక్షణ కంపెనీ ఎంత పెద్దదైనా పీఎంపీ ఇవ్వలేదు, ఆ పరీక్షకి దరఖాస్తు చేయడానికి కావాల్సిన 35 గంటల క్లాసులు మాత్రమే ఇస్తుంది. క్లాసులు విన్నంత మాత్రాన కూడా సరిపోదు, బీటెక్‌లాంటి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకి కనీసం 36 నెలలు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం ఉండాలి, నడిపించడం అంటే టీమ్‌లో ఒకడిగా పనిచేయడం కాదు. దరఖాస్తు ఆడిట్‌కి వెళ్లిందంటే పాత మేనేజర్ల దగ్గర సంతకాలు తెచ్చుకోవాలి. కాలేజీ నుంచి వచ్చి రెండేళ్లయిన టెస్టింగ్ కుర్రాడికి సేల్స్ ఫోన్‌లో ఈ ముక్క ముందే చెప్పేవాళ్లు నాకు ఎక్కువగా కనబడలేదు. అలాంటివాళ్ల కోసం పీఎంఐలోనే సీఏపీఎం అని ఇంకో పరీక్ష ఉంది, దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు. ఇంకొకటి, పీఎంపీ ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది కాదు, మూడేళ్లలో 60 పీడీయూలు, అంటే నేర్చుకుంటూనే ఉన్నామని చూపించే పాయింట్లు, పోగుచేసి రెన్యూవల్ చేయించుకోవాలి.

క్లౌడ్ లెక్క వేరు. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్, అందులో సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షకి ఏ కోర్సూ తప్పనిసరి కాదు. ఫీజు 150 డాలర్లు, పన్ను అదనం, 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు, 1000కి 720 వస్తే పాస్. ఇంట్లో కూర్చుని సొంతంగా చదివి రాసేయొచ్చు, రాసినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. సిక్స్ సిగ్మా మరీ విచిత్రం. పనిలో తప్పులు తగ్గించడానికి 1986లో మోటరోలాలో పుట్టిన పద్ధతి అది, దానికి ఒక్క యజమాని అంటూ ఎవరూ లేరు, అందుకే అందులో ఒక స్థాయి అయిన గ్రీన్ బెల్ట్ సర్టిఫికెట్ ఎవరైనా ఇవ్వొచ్చు. అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ (ఏఎస్‌క్యూ) లాంటి పాత సంస్థ ఇచ్చిన బెల్టుకీ, వారాంతపు క్లాసు చివర పీడీఎఫ్‌లో వచ్చే బెల్టుకీ విలువ ఒకటి కాదు.

మరి అన్నీ సొంతంగా చదవగలిగితే ఈ శిక్షణ కంపెనీలెందుకు అంటే, అవసరమే అంటాను, గట్టిగానే అంటాను. సింప్లీలెర్న్ 2010లో, ఎడ్యురేకా 2011లో ఈ ఊళ్లోనే మొదలై నిలబడ్డాయంటే ఉద్యోగం చేసుకుంటూ చదవాల్సినవాళ్లకి ఏదో అందింది కాబట్టే. ఆ అందేదేమిటో మా వదినని చూశాక నాకు బాగా అర్థమైంది. ఆవిడది అనంతపురం, తెలుగు మీడియం. పిల్లల కోసం ఉద్యోగం మానేసి, కొన్నేళ్ల తర్వాత డేటా అనలిటిక్స్ నేర్చుకుందామని లైవ్ క్లాసుల్లో చేరింది. శని, ఆదివారాలు పొద్దున్నే క్లాసు, ఆ టైముకి అన్నయ్య పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లేవాడు. వీడియోలు యూట్యూబ్‌లో ఎన్ని లేవు, కానీ "ఇది నా క్లాసు టైము" అని ఇంట్లో అందరి ముందు చెప్పుకోగలిగే గంటలు ఆవిడకి అప్పటిదాకా లేవు. ఒకరోజు డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రెండు టేబుళ్లు జాయిన్ చేస్తే, అంటే కలిపితే, అమ్మకాల మొత్తం అసలు కంటే ఎక్కువ వస్తోంది, ఎక్కడ తప్పో తెలియక టెన్షన్ పడుతోంది. ట్రైనర్ వదిన స్క్రీన్ చూసి, కస్టమర్ నంబర్ రెండో టేబుల్లో ఎన్నిసార్లు ఉందో ముందు లెక్కపెట్టమన్నారు. ఒక్కో నంబర్ రెండుమూడుసార్లు ఉంది, జాయిన్ చేసినప్పుడల్లా అమ్మకం వరుస అన్నిసార్లూ రిపీట్ అవుతోంది. సమాధానం చెప్పేసి ఊరుకోకుండా ఆవిడ చేతనే కనిపెట్టించారు చూడండి, డబ్బు కట్టాల్సింది దానికి. ఆ ట్రైనర్ మన కర్నూలాయన కావడంతో క్లాసయ్యాక డౌట్లు తెలుగులో అడిగేది. ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడతానేమోనని నోరు నొక్కుకుని కూర్చునేవాళ్లకి ఆ వెసులుబాటు ఎంతో నాకు తెలుసు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకి మనవాళ్లు ఎగబడింది కూడా చాలావరకు ఇందుకే, చెప్పేవాళ్లు మన భాషలో చెప్పేవారు.

కాబట్టి చేరేముందు ట్రైనర్ ఎవరో అడగండి. డెమో క్లాసు చెప్పినాయనే మొత్తం చెప్తారా, లైవా, రికార్డింగా, డౌట్ అడిగితే మనిషి జవాబిస్తారా, చాట్ బాక్సా? ఈ నాలుగూ ఈమెయిల్‌లో రాసివ్వమనండి.

డబ్బు సంగతి ఇంకా జాగ్రత్త. "ఈ రాత్రి 12కి ఆఫర్ అయిపోతుంది మేడమ్" అన్న ఫోన్‌కి భయపడకండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా, ఇంకేదన్నా, చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. డబ్బు ముందే కోర్సు కంపెనీకి వెళ్లిపోతుంది, మీరు క్లాసు మానేసినా వాయిదాలు మానవు, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది. మా వీధిలో పీజీ హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు నచ్చక రెండో వారమే బయటికొచ్చాడు, రీఫండ్ కోసం ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు మీద తోసేసుకుంటుంటే నెలనెలా అతని ఖాతాలోంచి డబ్బు పోతూనే ఉంది. వాళ్ల నాన్న ఊళ్లో వేరుశనగ పంట అమ్మి పంపించిన డబ్బు అది, నాకు కడుపు రగిలిపోయింది. ఇలాంటివాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కాల్ చేయండి, మొహమాటపడకండి. జాబ్ గ్యారంటీ, జాబ్ అసిస్టెన్స్ ఒకటే అని నోటితో చెప్పినా కాగితం మీద ఏముందో అదే చెల్లుతుంది, అసిస్టెన్స్ అంటే రెజ్యూమె దిద్ది, ఇంటర్వ్యూలు చూపించడం వరకే.

డబ్బు లేదని ఆగిపోవద్దు మాత్రం. ఐఐటీ మద్రాస్ ముందుండి నడిపించే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులు వినడానికి పైసా అక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు, మామూలుగా 1000 రూపాయలు. అసైన్‌మెంట్లకి 25 శాతం, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75 శాతం. డేటాబేస్, పైథాన్, ప్రోగ్రామింగ్ పునాదులకి నేనైతే ముందు అక్కడికే పంపిస్తాను, ఆ తర్వాత కూడా ఎవరో పక్కనుండి చెప్పాలనిపిస్తే అప్పుడు డబ్బు పెట్టొచ్చు.

చివరగా మనవాళ్లకే ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఒకటి. మనకి ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, పాన్‌లో ఇంకోలా ఉంటుంది. పరీక్ష బుక్ చేసేటప్పుడు ఆ రోజు చూపించబోయే ఐడీలో ఎలా ఉందో అచ్చం అలాగే పేరు ఇవ్వండి, తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు, ఫీజు కూడా పోవచ్చు. ఇంట్లోంచి రాసే పరీక్షయితే గదిలోకి ఇంకో మనిషి రాకూడదు, కెమెరాతో గదంతా చూపించమంటారు. ముగ్గురు కలిసి ఉండే పీజీ గదిలో అది కుదిరే పని కాదు, సెంటర్‌లోనే స్లాట్ తీసుకోండి.