కొండ రోడ్డుకి మా చందా

మాది అమలాపురం దగ్గర కాలవ గట్టు పక్క ఊరు, ఎటు చూసినా కొబ్బరిచెట్లూ వరిచేలే, కొండ అన్నది కనపడదు. అందుకేనేమో 2023లో అమెరికాలో చార్లెట్‌లో ఉంటున్న మా తమ్ముడు బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మీద తిప్పినప్పుడు నోట మాట రాలేదు. వర్జీనియా నుంచి నార్త్ కరోలినా దాకా 469 మైళ్ళు, లారీలుండవు, హోర్డింగులుండవు, టోల్ కూడా లేదు! 1935లో మొదలెడితే లిన్ కోవ్ వంతెనతో 1987కి గానీ పూర్తవలేదంట, కొండని తొలిచెయ్యకుండా దాని అంచు పట్టుకునే ఆ వంతెన తిరుగుతుంది, ఎంత ఓపికగా కట్టారో.

2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫానుకి కొండచరియలు విరిగిపడి ఆ రోడ్డు చాలాచోట్ల దెబ్బతింది. ఫోటోలు చూపిస్తే అమ్మ, "86 వరదల్లో మన గట్టు కోసం ఎవరెవరో ఇసక బస్తాలు మోశార్రా, మనమూ ఏదోటి ఇవ్వాలి" అంది.

టికెట్ లేని రోడ్డు కదా, ప్రభుత్వం డబ్బుకి తోడు బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఫౌండేషన్ వాళ్ళు చందాలు పోగేసి కాలిబాటలూ పాత కట్టడాలూ బాగుచేయిస్తుంటారు. ఈసారి కొబ్బరికాయల డబ్బులో కొంత తీసి తమ్ముడికిచ్చాం, వాడు అక్కడ కట్టేశాడు. మీవాళ్ళెవరైనా అటేపు ఉంటే ఓసారి అడిగి చూడండి, పది డాలర్లైనా సరే.