అమ్మ కనురెప్ప

సాయంత్రమైతే మా అమ్మ ఎడమ కనురెప్ప వాలిపోయేది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కొంటూ, ఒక వేలితో రెప్ప ఎత్తిపట్టుకుని చిల్లర లెక్కపెట్టుకోవడం చూసి నాకు ఏడుపొచ్చేసింది. మయస్థీనియా గ్రావిస్ అన్నారు డాక్టరు, నరాల కబురు సరిగ్గా అందక కండరాలు నీరసించిపోయే జబ్బట. పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసిన 45 నిమిషాలకి రెప్ప లేచింది! నరం కండరానికి పంపే కబురు ఎసిటైల్‌కోలిన్. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఈ మందు అడ్డుకుంటుంది, కబురు ఇంకాసేపు నిలుస్తుంది. 1934లో ఇంగ్లాండులో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ, ఈ జబ్బు కండరాల్ని చచ్చుబడేసే కురారే విషం ఎక్కినట్టే ఉందని గమనించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ అనే ఇలాంటి మందే ఇచ్చి చూశారట. ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నా. జబ్బు పోలేదు, మాత్ర పనిచేసేది కొన్ని గంటలే. నిన్న సాయంత్రం మాత్రం అమ్మ మల్లెపూలు కట్టింది, రెండు చేతులతో.