సొంత ఫైళ్లతో విదేశీ రాక్ లైబ్రరీ: పని ఎంతవరకు వచ్చింది

సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టిన ఈ పని ఇప్పటికి ఒక దారిన పడింది కాబట్టి ఇంతవరకు ఏం జరిగిందో రాసి పెడుతున్నాను. నాకు కావలసింది పెద్దగా ఏమీ కాదు. చందా కట్టడం మానేసినా, ఊళ్లో సిగ్నల్ పోయినా నా హార్డ్ డిస్క్‌లో చెక్కుచెదరకుండా ఉండే విదేశీ రాక్, పాప్ పాటలు. పైరసీ సైట్ల జోలికి మాత్రం పోకూడదు.

ప్రతి ఆల్బమ్‌కూ ఒకటే పరీక్ష పెట్టుకున్నాను: దీన్ని డౌన్‌లోడ్ చేసుకోమని హక్కుదారు ఎక్కడ రాశాడు? ఆ మాట దొరికితే ఆ పేజీని పీడీఎఫ్ చేసి, ఆల్బమ్ ఫోల్డర్‌లోనే పడేస్తాను. దొరక్కపోతే ఎంత మంచి పాటైనా వదిలేస్తాను. "గూగుల్‌లో ఫ్రీగా కనబడింది" అన్నది అనుమతి కిందకు రాదు.

స్ట్రీమింగ్ యాప్‌లో ఉండే డౌన్‌లోడ్ బటన్‌ను ఈ లెక్కలోకి తీసుకోలేదు. అది ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా పాడని, తాళం వేసిన కాపీ. స్పాటిఫైలో అయితే 30 రోజులకు ఒకసారైనా ఆన్‌లైన్‌కు రాకపోతే అది కూడా పోతుంది. కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ అనే మెల్‌బోర్న్ బ్యాండ్ 2025లో స్పాటిఫై నుంచి తప్పుకుంది. వాళ్ల పాటలు అక్కడ మాత్రమే "డౌన్‌లోడ్" చేసి పెట్టుకున్నవాళ్ల పరిస్థితి ఏమిటో వేరే చెప్పాలా?

బ్యాండే ఇచ్చేసినవి

తేలిగ్గా అయిపోయే పని ఇదే కాబట్టి దీంతోనే మొదలుపెట్టాను. నైన్ ఇంచ్ నెయిల్స్ 2008 మార్చిలో "గోస్ట్స్ 1–4" అనే 36 వాద్య ట్రాకుల ఆల్బమ్‌ను క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (కొన్ని షరతులతో అందరూ పంచుకోవచ్చని హక్కుదారే ముందుగా ఇచ్చే అనుమతి) కింద విడుదల చేసింది. మొదటి 9 ట్రాకులు ఉచితం, మొత్తం కావాలంటే 5 డాలర్లు. లైసెన్స్ ప్రకారం కొన్నవాళ్లు మిగతావాళ్లతో పంచుకోవచ్చు. అయినా ఆ ఏడాది అమెజాన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఎంపీ3 ఆల్బమ్ అదే. పంచుకోనిస్తే ఎవరూ కొనరనే వాదన విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే. అదే సంవత్సరం మే 5న "ద స్లిప్" ఆల్బమ్‌ను పూర్తిగా ఉచితంగా ఇచ్చారు, ఎంపీ3 దగ్గర్నుంచి 24 బిట్ ఫైళ్ల దాకా. రెండింటి లైసెన్సూ ఒకటే: పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చి పంచితే అదే లైసెన్స్ కింద పంచాలి. అంటే ఫ్రెండ్‌కు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వచ్చు. డబ్బులొచ్చే రీల్ కింద బ్యాక్‌గ్రౌండ్‌గా వేసుకోకూడదు.

కింగ్ గిజర్డ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2017లో ఒకే ఏడాది 5 ఆల్బమ్‌లు తెచ్చి, అందులో నాలుగోదైన "పాలీగోండ్వానాలాండ్"ను నవంబరులో ఉచితంగా వదిలేశారు. దాంతోపాటు మాస్టర్ ఫైళ్లు కూడా ఇచ్చి, ఎవరికి వాళ్లు సీడీలో రికార్డులో ముద్రించుకోమన్నారు. చిన్న చిన్న లేబుళ్లు నిజంగానే ఎల్పీలు వేసి అమ్ముకున్నాయి.

రేడియోహెడ్ సంగతి వేరు. 2007 అక్టోబర్ 10న "ఇన్ రెయిన్‌బోస్"ను ఇష్టమొచ్చిన ధరకు, సున్నాకైనా సరే, డౌన్‌లోడ్ చేసుకోనిచ్చారు. డిసెంబరులో ఆ తలుపు మూసేశారు. అప్పుడు తీసుకున్నవాళ్లది తీసుకున్నట్టే. "వాళ్లు ఫ్రీగా ఇచ్చిందే కదా" అంటూ ఇవాళ ఎవరో పెట్టిన జిప్ ఫైల్ నా పరీక్షలో పాస్ కాదు.

బ్యాండ్‌క్యాంప్

కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్ ఇది. ఇప్పటిదాకా పోగైన వాటిలో ఎక్కువ భాగం ఇక్కడివే. ఒకసారి కొంటే ఎంపీ3, ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన ఫైల్), వేవ్, ఏఏసీ, ఏ ఫార్మాట్ కావాలంటే ఆ ఫార్మాట్‌లో తీసుకోవచ్చు, తాళాలేమీ ఉండవు. "మీ ధర మీరే చెప్పండి" అని ఉన్న ఆల్బమ్‌కు కనీస ధర లేకపోతే సున్నా కొట్టినా ఇస్తారు, కొందరు ఈమెయిల్ అడుగుతారు. కళాకారులకు నెలకు ఇన్ని ఉచిత డౌన్‌లోడ్‌లే అన్న పరిమితి ఉంటుంది కాబట్టి నెలాఖర్లో ఒక్కోసారి సున్నా పనిచేయదు. వచ్చే నెలలో చూడండి. నేను మాత్రం మొదటిసారి సున్నాకు తీసుకుని, నచ్చితే అదే బ్యాండ్ తర్వాతి ఆల్బమ్‌కు డబ్బు పెడుతున్నాను.

కొత్తవి వెతకడానికి సెర్చ్ బాక్స్ కంటే మంచి దారి ఒకటుంది. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి నొక్కితే ఆ మనిషి కొన్న ఆల్బమ్‌లన్నీ తెరుచుకుంటాయి. మీకు నచ్చిన, పెద్దగా ఎవరికీ తెలియని ఆల్బమ్‌ను కొన్నవాడి అరలో ఇంకో రెండు మూడైనా మీకు పనికొచ్చేవి ఉంటాయి. యాప్‌ల సిఫార్సులకంటే నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది. ఊరి పేరు ట్యాగ్ కూడా బాగా పనిచేస్తుంది. మెల్‌బోర్న్, సైకెడెలిక్ రాక్ అని కలిపి చూడండి, ఒక వారం పాటు ఇంకేమీ అక్కర్లేదు.

డబ్బు కట్టే దగ్గర మనవాళ్లకు వచ్చే చిక్కు ఏమిటంటే, మన కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసి, పరిమితి వెయ్యో రెండు వేలో పెట్టి, కొనగానే మళ్లీ ఆఫ్ చేయండి. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడక్కుండానే డబ్బు తీసుకుంటాయి, అందుకే పరిమితి ముఖ్యం. డాలర్ మారకంపై బ్యాంకులు సాధారణంగా 2 నుంచి 3.5 శాతం మార్కప్ వేసి, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ కలుపుతాయి. 7 డాలర్ల ఆల్బమ్ మీద ఇది సుమారు 15 నుంచి 25 రూపాయలు, టెన్షన్ పడాల్సినంత కాదు.

బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ఒకటుంది. 2020 మార్చి 20న, కోవిడ్‌తో కచేరీలు ఆగిపోయినప్పుడు మొదలైంది. ఆ రోజు కంపెనీ తన వాటా (డిజిటల్ అమ్మకాల మీద మామూలుగా 15 శాతం) వదులుకుంటుంది. ప్రతి శుక్రవారమూ కాదు, తేదీలు ముందే ప్రకటిస్తారు. అది పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. మనకు వేసవిలో శుక్రవారం మధ్యాహ్నం 12:30కి, చలికాలంలో 1:30కి మొదలై శనివారం అదే వేళకు ముగుస్తుంది. శుక్రవారం పొద్దున్నే కొనేస్తే ఉపయోగం లేదు.

లైవ్ రికార్డింగులు: అసలు గని

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీ సైట్‌లో లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ అనే విభాగం 2002 నుంచి ఉంది. కచేరీ రికార్డ్ చేసుకుని, వ్యాపారం లేకుండా పంచుకోవడానికి ఒప్పుకున్న బ్యాండ్‌లవే అందులో పెడతారు. గ్రేట్‌ఫుల్ డెడ్, స్మాషింగ్ పంప్‌కిన్స్, డ్రైవ్-బై ట్రకర్స్, లిటిల్ ఫీట్... పేర్లు చూస్తేనే కళ్లు తిరిగాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ అయితే 1984 నుంచి తమ కచేరీల్లో రికార్డ్ చేసుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా సీట్లే కేటాయించింది.

ఒక జాగ్రత్త. అదే ఆర్కైవ్ సైట్‌లో ఎవరైనా ఏదైనా ఎక్కించగల విభాగాలు కూడా ఉన్నాయి. అక్కడ స్టూడియో ఆల్బమ్ దొరికినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్‌లో అయితే ఒక్కో బ్యాండ్ పేజీలో వాళ్ల షరతులు రాసి ఉంటాయి. పీడీఎఫ్ చేసేది ఆ పేజీనే.

ఫైల్ పేరు చదవడం వస్తే సగం పని అయినట్టే. బ్యాండ్ పొట్టి పేరు, తేదీ, తర్వాత "ఎస్‌బీడీ" లేదా "ఏయూడీ". మొదటిది సౌండ్ బోర్డు (స్టేజీ మీది మైకుల ధ్వనిని కలిపే మిక్సింగ్ బోర్డు) నుంచి నేరుగా తీసింది, రెండోది ప్రేక్షకుల్లో మైకు పెట్టి తీసింది. "మ్యాట్రిక్స్" అంటే రెండూ కలిపినది. "ఎఫ్‌ఓబీ" కనిపిస్తే వెంటనే వినండి. మిక్సింగ్ బోర్డుకు ముందువైపు, స్టేజీకి దగ్గరగా మైకులు నిలబెట్టారని దానర్థం. ప్రతి రికార్డింగ్‌తో పాటు ఒక టెక్స్ట్ ఫైల్ వస్తుంది. ఏ కంపెనీ మైకు, హాల్లో ఎక్కడ పెట్టారు, మామూలు క్యాసెట్టా లేక డాట్ అనే డిజిటల్ టేపా, కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించారు, ఏ పాట దగ్గర టేపు తిప్పాల్సి వచ్చి ఎన్ని సెకన్లు పోయాయి, అంతా అందులో ఉంటుంది. పెళ్లి శుభలేఖలో వంశవృక్షం రాసినట్టు, టేపు తాతముత్తాతల దగ్గర్నుంచి మొదలెడతారు.

గ్రేట్‌ఫుల్ డెడ్ దగ్గర ఒక మెలిక ఉంది. 2005 చివర్లో డౌన్‌లోడ్‌లన్నీ తీసేస్తే అభిమానులు గగ్గోలు పెట్టారు. దాంతో ప్రేక్షకుల రికార్డింగులు తిరిగొచ్చాయి. సౌండ్ బోర్డువి మాత్రం అక్కడే వినాలి, డౌన్‌లోడ్ కుదరదు. అందరూ చెప్పుకునే 1977 మే 8 నాటి కార్నెల్ విశ్వవిద్యాలయం కచేరీ సౌండ్ బోర్డు టేపు కూడా అంతే. స్ట్రీమ్ అవుతున్నదాన్ని ఏదో టూల్‌తో పట్టేయొచ్చు, కానీ బ్యాండ్ వద్దన్నాక అందులో అర్థం లేదు. ఆ రాత్రి ప్రేక్షకుల్లోంచి తీసిన రికార్డింగ్ నాకు చాలు. పాట మొదలవగానే హాలంతా ఎలా లేచిందో తెలిసేది అందులోనే.

పెద్దగా ఫలితం లేనివి

జమెండో (2005, లక్సెంబర్గ్), న్యూజెర్సీ రేడియో స్టేషన్ డబ్ల్యూఎఫ్ఎంయూ 2009లో మొదలెట్టిన ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, రెండూ చట్టబద్ధమే, లైసెన్స్ స్పష్టంగా రాసి ఉంటుంది. కానీ వీడియోల కింద వేసే సంగీతం ఎక్కువ, పాడుకునే పాట తక్కువ. యూట్యూబ్‌లో క్రియేటివ్ కామన్స్ ఫిల్టర్‌ను నమ్మను. వేరేవాళ్ల పాట ఎక్కించి ఆ లేబుల్ తగిలించేవాళ్లు బోలెడు మంది.

పెద్ద లేబుళ్ల పాప్ దగ్గరే అసలు చిక్కు. ఫ్లిప్‌కార్ట్ వాళ్ల ఫ్లైట్ అనే ఎంపీ3 దుకాణం 2012లో తెరుచుకుని 2013లో మూతపడింది, గుర్తుందా? ఐట్యూన్స్ స్టోర్ 2012 డిసెంబరులో మన దేశానికి వచ్చింది. అందులో కొన్నవి తాళం లేని 256 కేబీపీఎస్ ఏఏసీ ఫైళ్లు. చందా అలవాటయ్యాక ఫైల్ కొనే మనిషిని ఎవరూ పట్టించుకోవడం లేదు.

పాత పాటల మాటకొస్తే, మన చట్టంలో రికార్డింగ్‌పై హక్కు 60 ఏళ్లే కదా, 60ల నాటి రాక్ తీసుకోవచ్చా అని ఒక స్నేహితుడు అడిగాడు. రికార్డింగ్ హక్కు వేరు, పాట రాసినవాళ్ల హక్కు వేరు. రెండోది వాళ్ల జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు. అందుకే అందులో దిగలేదు.

సర్దుడు

ఫ్లాక్‌లో 45 నిమిషాల ఆల్బమ్ 300 ఎంబీకి అటూ ఇటూగా ఉంటుంది, మూడు గంటల కచేరీ ఒక జీబీ దాటుతుంది. కాబట్టి అసలు ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో, ఫోన్‌కు ఫ్రీ:ఏసీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఓపస్ 128 కేబీపీఎస్ అనే చిన్న సైజు ఫార్మాట్‌లోకి మార్చిన కాపీ. ఫోన్ స్పీకర్‌లోనూ, బస్సులోనూ తేడా వినబడుతుందని చెప్పేవాళ్లతో వాదించను. ట్యాగులకు (ఫైల్‌లో ఉండే పాట, ఆల్బమ్ పేర్ల వివరాలకు) మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్. స్టూడియో ఆల్బమ్‌లు చకచకా గుర్తుపడుతుంది, కచేరీలకు చేత్తో రాయాలి. ఆల్బమ్ పేరు స్థానంలో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఊరు పెడితే వరుస తప్పదు. ఫోన్‌లో పాటలు వినడానికి మ్యూజికొలెట్ అనే యాప్ వాడుతున్నాను. ఇంటర్నెట్ అనుమతే అడగదు, పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా పాడుతుంది. లైవ్ రికార్డింగ్‌లకు అది తప్పనిసరి.

ఫ్లాక్ అసలైనదా, ఎంపీ3ని ఉబ్బించిందా అని స్పెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తున్నాను, అది పాటలోని ధ్వని పౌనఃపున్యాలను (ఫ్రీక్వెన్సీలను) బొమ్మగా చూపిస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అనుమానించాలి. పాత క్యాసెట్ రికార్డింగులు సహజంగానే పైన పలుచబడతాయి కాబట్టి వాటిని చూసి కంగారు పడక్కర్లేదు.

మిగిలినవి: రెండో హార్డ్ డిస్క్ కొని బ్యాకప్ తీసి మా తమ్ముడింట్లో పెట్టాలి. లిటిల్ ఫీట్ కచేరీల్లో ఏ ఏడాదివి బాగుంటాయో వినాలి. వచ్చే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేకి కొనాల్సినవి కోరికల జాబితాలో పెట్టేశాను. మెల్‌బోర్న్ తర్వాత ఏ ఊరి ట్యాగ్ తెరవాలో తేల్చుకోలేదు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్ అనుకుంటున్నాను.