కేస్ షీట్ మీద ఎర్ర సిరా

మంగళవారం, కర్నూలు

వార్డులో ఈరోజూ అదే. కేస్ షీట్ పైమూలన ఎర్ర పెన్నుతో 'హెచ్‌ఐవీ పాజిటివ్' అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. షీటేమో మంచం కాళ్ల దగ్గర వేలాడుతోంది. పక్క మంచం వాళ్లు చదవడానికి ఎంతసేపు? ఆదోని నుంచి తెల్లారే బస్సెక్కి జ్వరంతో వచ్చిన మనిషి. సాయంత్రానికి వరండా అంతా తెలిసిపోయింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ సంగతి గుట్టుగా ఉండాలి.

బీపీ చూడ్డానికి రెండు జతల గ్లౌజులు తొడిగారు. అదే చేతులు పక్క మంచం ఆయనకు గ్లౌజుల్లేకుండానే రక్తం తీశాయి. అడిగితే "ఆయనకేం లేదు కదక్కా" అంది సిస్టర్. ఆయనకు పరీక్షే చేయలేదు. ఏళ్లుగా మాత్రలు మానకుండా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) అణిగిన మనిషి రక్తం కంటే, ఏముందో తెలియని రక్తానికే ఎక్కువ జాగ్రత్త పడాలి. చెమటకు, చేతిస్పర్శకు హెచ్‌ఐవీ అంటదు. గ్లౌజులు రక్తానికి, ఎవరిదైనా సరే.

భయపడాల్సింది సూదికి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోతే వేలికి దిగుతుంది. మూత పెట్టకుండా అక్కడికక్కడే హబ్ కట్టర్‌లో కత్తిరించాలి. సూదుల తెల్లడబ్బా ముప్పాతిక నిండగానే మార్చాలి. మా వార్డుది ఈరోజు మూతదాకా కుక్కి ఉంది, ఒక సూది మొన బయటికే కనబడుతోంది. దాన్ని ఎవరూ చూడలేదు.

గుచ్చుకుంటే పారే నీళ్లలో సబ్బుతో కడగాలి. పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పోయకూడదు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పి హెచ్‌ఐవీ అంటకుండా ఆపే పీఈపీ మాత్రలు మొదలుపెట్టాలి. 2 గంటల్లోపైతే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులూ వేసుకోవాలి, వికారమని మధ్యలో మానకూడదు. ఆ మాత్రలు లేకపోయినా, పాజిటివ్ రక్తమున్న సూది గుచ్చుకున్న వెయ్యి మందిలో హెచ్‌ఐవీ అంటేది సుమారు ముగ్గురికి. టీకా వేయించుకోని వాళ్లకు హెపటైటిస్ బి వందలో 30 మంది దాకా అంటవచ్చు. మూడు డోసుల ఆ టీకా పూర్తిచేయని వాళ్లు మాలోనే ఉన్నారు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఆపరేషన్ లిస్టు. పాజిటివ్ అనగానే పేరు ఆఖరికి పోతుంది, మనిషి పొద్దుగూకేదాకా ఖాళీ కడుపుతో ఎదురుచూస్తాడు. పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ ప్రతి సెట్టుకూ ఒకటే కదా. ఇట్లా ఒకసారి అనుభవించినవాడు ఇంకో ఆసుపత్రిలో నోరు విప్పి చెబుతాడా?

రేపు రౌండ్స్‌కు ముందే డబ్బా మార్పించాలి. ఆ షీటు తీసేసి కొత్తది పెట్టాలి, రిపోర్టు ఫైలు లోపల ఉంటే చాలు.