మా పాప ఎడమ కన్ను

మా పాప కళ్లు చూసి తేడా ఉందని ఎవరూ అనుకోరు. మెల్ల లేదు, కళ్లు నలుపుకోదు, టీవీకి దగ్గరగా వెళ్లి కూర్చోదు. నాలుగేళ్లు నిండాక మామూలుగా చేయించిన కంటి పరీక్షలో విషయం బయటపడింది. ఎడమ కన్ను మూసి చార్టు చూపిస్తే చివరి వరుస దాకా గడగడా చెప్పేసింది. కుడి కన్ను మూయగానే పైనున్న పెద్ద బొమ్మలు చెప్పి ఆగిపోయింది. ఎడమ కంటి చూపు 6/24 అన్నారు. మామూలు చూపున్నవాళ్లు 24 మీటర్ల దూరం నుంచి పోల్చుకోగలిగేది ఆ కంటికి 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ తెలియదు.

ఇంత తేడా ఉంటే పిల్ల ఒక్కసారైనా చెప్పలేదేమిటని డాక్టరుగారిని అడిగాను. "పుట్టినప్పటి నుంచీ తనకు తెలిసిన చూపు అదే కదమ్మా, ఇంకోలా ఉంటుందని ఎలా తెలుస్తుంది?" అన్నారావిడ. పైగా రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపూ కుడి కన్నే పనంతా చూసుకుంటుంది. ఇలా మెదడు ఒక కంటి చూపును సరిగా వాడుకోకపోవడాన్ని లేజీ ఐ అంటారట. వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని తెలిశాక, ఒక్కో కన్నూ విడిగా ఎప్పుడూ పరీక్షించని పిల్లలందరూ నాకు గుర్తొచ్చారు.

చుక్కల మందు వేసి, కనుపాపలు పెద్దవయ్యాక పవర్ చూశారు. పిల్లల కళ్లు దగ్గరికీ దూరానికీ గట్టిగా సర్దుకుంటాయి కాబట్టి ఆ మందు లేకుండా అసలు పవర్ దొరకదట. ఎడమ కంటికి ప్లస్ పవర్ బాగా ఎక్కువ, కుడి కంటికి దాదాపు ఏమీ లేదు. కొందరిలో మెల్లకన్ను వల్ల, కొందరిలో పుట్టుకతో వచ్చే శుక్లం వల్ల, రెప్ప వాలిపోవడం వల్ల కూడా లేజీ ఐ వస్తుంది. మా పాపకు అవేవీ లేవు. రెటీనా, నరం అన్నీ బాగున్నాయి. మసకగా వచ్చే బొమ్మను మెదడే పట్టించుకోవడం మానేసింది.

ఈ మాట నాకు వెంటనే ఎక్కలేదు. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1960లలో చేసిన ప్రయోగాల గురించి చదివాక అర్థమైంది. పిల్లి కూనకు ఒక కంటి రెప్పలు కొన్నాళ్లు మూసి ఉంచి తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడులో చూపుకు సంబంధించిన కణాలు దాదాపుగా రెండో కంటికే స్పందించాయి. పెద్ద పిల్లికి అలా చేస్తే ఆ నష్టం జరగలేదు. 1981లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. చిన్న వయసులో మెదడు దేన్నయినా వదిలేయగలదు, తిరిగి నేర్చుకోనూ గలదు. "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని చెప్పినవాళ్లకు నేను ఇదే చెబుతూ వచ్చాను. అది దానంతట అది సర్దుకోదు.

ముందు కళ్లద్దాలే ఇచ్చారు. కొంతమంది పిల్లలకు అవే సరిపోతాయి. మా పాపకు కొన్ని వారాల్లో 6/12 దాకా వచ్చి అక్కడ ఆగింది. అప్పుడు, మెదడు ఎడమ కంటినే వాడేలా, కుడి కన్నును మూసి ఉంచే ప్యాచ్ వేయమన్నారు, రోజుకు రెండు గంటలు. ఎక్కువసేపు వేస్తే తొందరగా తగ్గదా అని అడిగాను. ఇలా మధ్యస్థంగా ఉన్న లేజీ ఐలో రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినా నాలుగు నెలల్లో మెరుగుదల ఒకేలా ఉందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పిందట. నాకది పెద్ద ఊరట.

అయినా ఆ రెండు గంటలే కష్టం. ఉన్న మంచి చూపును మనమే మూసేసి, సరిగా కనిపించని కంటితో ఆడుకోమంటే ఏ పిల్ల ఒప్పుకుంటుంది? "అమ్మా, ఈ కంటితో చూడబుద్ధి కావట్లేదు" అని ఏడ్చేది. ముక్కు పక్క సందులోంచి తొంగి చూసేది. అద్దాల మీద కాకుండా చర్మానికే అంటుకునే ప్యాచ్ వేసి, దాని మీద అద్దాలు పెట్టాక ఆ సందు పోయింది. ప్యాచ్ తీసేటప్పుడు చర్మం ఎర్రబడేది, తడిపి మెల్లగా తీస్తే కొంత నయం. పూసలు గుచ్చడం, గీతలు దాటకుండా రంగులు వేయడం లాంటి పనులు ఆ సమయానికే దాచి ఉంచేవాళ్లం. చేతిలో పని ఉంటే ప్యాచ్ సంగతి మరిచిపోయేది. అస్సలు ఉంచుకోని పిల్లలకు మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి, ఆ కన్ను మసకబారేలా చేసే పద్ధతి కూడా ఉంది.

ఒక పరీక్షలో ప్రత్యేకమైన అద్దాలు పెట్టి ఈగ బొమ్మ చూపిస్తారు. రెండు కళ్లూ కలిసి పనిచేస్తే దాని రెక్కలు పైకి లేచినట్టు కనిపిస్తాయి. మొదట్లో మా పాప కాగితం మీద వేలు ఆనించి "ఇక్కడుంది" అంది. కొన్ని నెలల తర్వాత అదే బొమ్మ చూపిస్తే కాగితానికి పైన, గాలిలో రెక్క పట్టుకోబోయి చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు ఎడమ కన్ను 6/9. ప్యాచ్ మానేశాక నలుగురిలో ఒకరికి చూపు మళ్లీ తగ్గవచ్చంటారు, అందుకే ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తున్నారు. కుడి కన్ను వెనకబడకుండా ప్రతిసారీ దాన్నీ చూస్తున్నారు. అద్దాలు మాత్రం ఉండాల్సిందే. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులకూ వచ్చే అవకాశం ఎక్కువట. వచ్చే నెల వెళ్లినప్పుడు వాళ్ల తమ్ముడికి కూడా చుక్కలు వేసి పరీక్ష చేయిస్తున్నాం.